కిలో ఎంతకు పడుతుంది?

ఎమ్మెస్సీ చదువులోనే వ్యాపారాన్నీ ఒక ప్రత్యేకాంశంగా నేర్పే పద్ధతి నెదర్లాండ్స్‌లో, అమెరికాలో పాతబడింది. ప్రపంచానికి మందులు పంపుతున్న మన దగ్గర మాత్రం రసాయన శాస్త్రం ఒక గదిలో, జమాఖర్చుల పుస్తకం ఇంకో గదిలో ఉండిపోయాయి.

ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో ఉద్యోగంలో చేరిన ప్రతి కుర్రాడికీ ఇలాంటి రోజొకటి వస్తుంది.

“సర్, మూడో స్టేజిలో ఈల్డ్ పెరిగింది. 72 నుంచి 81కి వచ్చింది.”

“మంచిదే. సాల్వెంట్ ఎంత పోశావు?”

“20 వాల్యూములు సర్.”

“రికవరీ ఎంతొచ్చింది?”

“అది... చూడలేదు సర్.”

“రియాక్షన్ ఎన్ని గంటలు నడిపావు?”

“36 గంటలు.”

“ఇంతకీ కిలో ఎంతకు పడుతుంది?”

డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు చదివినా ఈ ఆఖరి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఉండరు. గ్రిన్యార్ చర్య ఎలా సాగుతుందో బాణం గుర్తులు వేసి నిద్రలో లేపినా చెప్పగలడు. అందులో వాడే మెగ్నీషియం కిలో ఎంతో అడిగితే దిక్కులు చూస్తాడు. తప్పు కుర్రాడిది కాదు. లెక్క అడగడం సైన్స్ పని కాదన్నట్టు నేర్పారు, అలాగే నేర్చుకున్నాడు.

నిజానికి ఆ లెక్క కూడా సైన్సే. ఆరు స్టేజీల్లో తయారయ్యే మందు ఒకటి ఉందనుకుందాం. ప్రతి స్టేజిలో 90 శాతం ఈల్డ్ వస్తే చివరికి చేతికందేది దాదాపు 53 శాతం. 80 శాతమే వస్తే 26 శాతం. స్టేజికి పదేసి శాతం తేడా ఆఖరికొచ్చేసరికి సగానికి సగం కోసేస్తుంది. ఇంతవరకూ క్లాసులో చెబుతారు, చెప్పనిది ఆ తర్వాతది. ఒక ఐదు శాతం నష్టం మొదటి స్టేజిలో వచ్చినా ఆరో స్టేజిలో వచ్చినా మొత్తం ఈల్డ్ ఒకటే. డబ్బు లెక్క మాత్రం ఒకటి కాదు. మొదట్లో పోయినవి వడ్లు, ఆఖర్న పోయింది వండి వార్చిన అన్నం. అప్పటికే ఐదు స్టేజీల ముడిసరుకు, ఆవిరి, కరెంటు, జీతాలు, రియాక్టర్ గంటలు అన్నీ ఆ పొడిలో కలిసిపోయి ఉంటాయి. అందుకే ఆరితేరిన ప్రాసెస్ కెమిస్ట్ ముందు ఆఖరి స్టేజీల మీదే పడతాడు.

ఇంకో చిక్కుంది. ల్యాబ్‌లో ఐదు గ్రాముల సరుకుని సిలికా కాలమ్ మీద పోసి శుద్ధి చేయడం ఎమ్మెస్సీ ప్రాజెక్టులో రోజువారీ పని. అదే 500 కిలోల బ్యాచ్‌కి కాలమ్ వేద్దామంటే ప్రొడక్షన్ వాళ్లు నవ్వుతారు. సరుకు స్ఫటికంగా దిగాలి, ఫిల్టర్ మీద నిలవాలి, ఎండాలి. పైగా రెండు రోజులు పట్టే బ్యాచ్ ఒక రియాక్టర్లో నెలకు పదిహేను సార్లు మాత్రమే నడుస్తుంది. ఒక్క రోజులో ముగిస్తే ముప్ఫై. అదే స్టీలు, అదే షెడ్డు, రెట్టింపు సరుకు. అంటే ఉష్ణోగ్రత, ఉత్ప్రేరకం, ద్రావణి ఎంచుకునే ప్రతిసారీ కెమిస్ట్ తెలిసో తెలియకో ఓ వ్యాపార నిర్ణయం కూడా తీసుకుంటున్నాడు. తెలిసి తీసుకుంటే బాగుంటుంది కదా అన్నదే ఈ చదువు వెనుక ఉన్న ఆలోచన.

లైడెన్ నుంచి క్లేర్‌మాంట్ దాకా

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం 1575లో పుట్టింది. కామర్లింగ్ ఓన్స్ 1908లో మొట్టమొదటిసారి హీలియంను ద్రవంగా మార్చింది అక్కడే. ఆయన ఒక్క ప్రయోగశాలతో ఆగలేదు. పరికరాలు చేసే పనివాళ్లను తయారుచేయడానికి ఏకంగా ఒక బడే పెట్టించాడు. శాస్త్రాన్నీ దాని చుట్టూ ఉండే పనినీ కలిపి చూడటం ఆ ఊరికి కొత్త కాదు. 1984 నుంచి అక్కడ బయోసైన్స్ పార్కు కూడా ఉంది.

ఆ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎమ్మెస్సీ చేసేవాళ్లు పరిశోధనవైపే సాగవచ్చు, లేదంటే వ్యాపారాన్ని స్పెషలైజేషన్‌గా తీసుకోవచ్చు. రసాయన శాస్త్రంలోనూ భౌతిక శాస్త్రంలోనూ ఆ వీలుంది. ఖగోళ శాస్త్రంలో కూడా ఉందంటే కాస్త ఆశ్చర్యమే. (నక్షత్రాలు చూసేవాడికి వ్యాపారం ఎందుకని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. టెలిస్కోపులకు అద్దాలూ సెన్సర్లూ చేసే కంపెనీలు, కొండలకొద్దీ డేటాని జల్లెడ పట్టే పని, రెండూ ఆ చదువుకి పక్కింట్లోనే ఉన్నాయి.) చదువులో ఒక భాగం ల్యాబ్‌లో పరిశోధనకు పోతుంది, మరో భాగం వ్యాపార పాఠాలకూ ఇంటర్న్‌షిప్‌కూ. చేతికొచ్చేది ఎంబీఏ కాదు, ఎమ్మెస్సీయే. ఇందులో గుర్తుంచుకోవాల్సింది అదే. విద్యార్థి సైన్స్ వదిలిపెట్టి అవతలి గట్టుకు వెళ్లడం లేదు.

అమెరికాలో కథ వేరేలా మొదలైంది. అక్కడ సైన్స్‌లో మాస్టర్స్ డిగ్రీ అంటే పీహెచ్‌డీ మధ్యలో మానేసినవాళ్లకు ఇచ్చే ఓదార్పు బహుమతి అన్న చిన్నచూపు చాలాకాలం ఉండేది. ఆ డిగ్రీకి సొంత కాళ్లు ఇవ్వాలని స్లోన్ ఫౌండేషన్ 1997లో విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చి ప్రొఫెషనల్ సైన్స్ మాస్టర్స్ అనే కోర్సులు పెట్టించింది. సైన్స్ తగ్గదు. దానికి తోడు ఫైనాన్స్, పేటెంట్లు, నియంత్రణ సంస్థల నిబంధనలు, కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉంటాయి. అదే ఏడాది కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో కెక్ గ్రాడ్యుయేట్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కెక్ ఫౌండేషన్ అయిదు కోట్ల డాలర్లిచ్చింది. ఇక్కడ విద్యార్థులు థీసిస్ రాయరు. జట్టుగా కూడి ఏదో ఒక కంపెనీ తెచ్చిన అసలు సమస్య మీద పనిచేసి, దాని జవాబును ఆ కంపెనీ ముందే పెడతారు. థీసిస్ అయితే గైడూ ఎగ్జామినరూ చదివాక అల్మారాలోకి వెళ్తుంది. ఇక్కడ జవాబు తప్పితే ఆ సమస్య తెచ్చినవాడే ఎదురుగా కూర్చుని ఉంటాడు. నా లెక్కలో ఈ ఒక్క మార్పు పది మేనేజ్‌మెంట్ పేపర్ల పెట్టు.

సిలబస్ లేకుండానే నేర్చుకున్న ఊరు

సోవియట్ సాయంతో బాలానగర్‌లో వచ్చిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం హైదరాబాద్‌కు మందులిచ్చిందేమో గానీ, అంతకు మించి మనుషుల్నిచ్చింది. బొంబాయి విశ్వవిద్యాలయ కెమికల్ టెక్నాలజీ విభాగం యూడీసీటీలో, పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో చదివిన తాడేపల్లి కుర్రాడు అంజిరెడ్డి అక్కడ పనిచేశాడు. బయటికొచ్చి ముందు యూనిలాయిడ్స్, తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు.

అప్పటి చట్టం ఆ తరానికి కలిసొచ్చింది. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. ఉన్న మందుకే కొత్త దారి కనిపెట్టగలిగితే కంపెనీ పెట్టుకోవచ్చు. అంటే ఆ రోజుల్లో మంచి కెమిస్టే మంచి వ్యాపారి. వేరే వ్యాపార చదువు అక్కర్లేకపోయింది. రసాయన చర్యను కుదించడమే వ్యాపార వ్యూహం. మన ఇళ్లలో కడుపుమంటకు వేసుకునే ఓమెజ్ ఆ కాలపు సరుకే. 2005లో చట్టం మారి మందుకే పేటెంట్ వచ్చాక ఆ సుఖం పోయింది. కొత్త దారి ఒక్కటీ చాలదు, ఆ దారిలో నడిచే హక్కు ఎవరిదో కూడా తెలియాలి.

దానికి నాంది 2005కు ముందే అమెరికా మార్కెట్‌లో పడింది. అక్కడ 1984లో వచ్చిన హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం కింద, పేటెంట్‌ను సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టిన జెనరిక్ కంపెనీకి 180 రోజుల పాటు పోటీ లేని అమ్మకం దక్కుతుంది. ఎలై లిలీ వారి కుంగుబాటు మందు ప్రోజాక్ పేటెంట్‌ను 2000లో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన బార్ కంపెనీకి 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ దక్కింది. 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌పై ఆ 180 రోజుల హక్కు 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్‌కు వచ్చింది. భారతీయ కంపెనీకి అలాంటి హక్కు రావడం అదే మొదటిసారి. అందరి కళ్లూ 20 మీద ఉన్నప్పుడు 40 మీద దరఖాస్తు పెట్టాలన్న ఆలోచన ఏ కెమిస్ట్రీ పాఠంలో ఉంది? ఏ ఎంబీఏ పాఠంలో మాత్రం ఉంది? అది రెండూ కలిసిన చోట పుట్టేది.

హైదరాబాద్ టీకా కంపెనీ శాంతా బయోటెక్నిక్స్‌ది దీనికి తిరగేసిన కథ. పెట్టిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు, జీవశాస్త్రం చదివినవాడు కాదు. 1993లో మొదలై, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ (సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం) ప్రయోగశాలల ఆసరాతో ఎదిగి, 1997 ఆగస్టులో దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా శాన్వాక్ తెచ్చారు. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో వాళ్లు పెట్టిన ధర 50 రూపాయల ప్రాంతం. ఆ ధర మార్కెటింగ్ గదిలో తేలింది కాదు. టీకా ప్రొటీన్‌ను పికియా అనే ఈస్ట్‌లో పెంచాలని ల్యాబ్‌లో అనుకున్నప్పుడే సగం తేలిపోయింది. తక్కువ చోటులో ఎక్కువ ప్రొటీన్ ఇవ్వడం ఆ ఈస్ట్‌కున్న గుణం.

మరి ఈ ఊళ్లోనే చదువుకునే పిల్లలకు ఈ సంగతులు ఎక్కడ చెబుతున్నారు? ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో మొదలైన జాతీయ ఫార్మా విద్యాసంస్థ నైపర్‌లో ఎంబీఏ ఫార్మ్ ఉంది. మంచి కోర్సే, కానీ అది మేనేజ్‌మెంట్ డిగ్రీ. అందులో చేరినవాడు గాజు సామాను పక్కన పెట్టాల్సిందే. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022లో అనుమతిచ్చింది కాబట్టి పగలు ఎమ్మెస్సీ, రాత్రి ఆన్‌లైన్ ఎంబీఏ అనే బాట కూడా ఉంది. అయితే ఆ రెండు డిగ్రీలూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఎంబీఏ పాఠంలో సబ్బుల కంపెనీ పంపిణీ గురించి చదివి, పొద్దున ల్యాబ్‌కొచ్చి పల్లాడియం ఉత్ప్రేరకం తూచినవాడికి, ఆ పల్లాడియాన్ని తిరిగి రాబట్టకపోతే ఏమవుతుందో రెండు చోట్లా ఎవరూ చెప్పరు.

ఈ లోటు బయటపడేది కంపెనీ పెట్టాలనుకున్నప్పుడు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు కింద కొత్త జీవశాస్త్ర ఆలోచనకు 50 లక్షల రూపాయల దాకా వస్తుంది. జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు, సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని బయోనెస్ట్ ఇలాంటివారికి చోటిస్తాయి. అక్కడ గ్రాంటు అడిగేవాడికి ప్రయోగం గురించి చెప్పడం ఇబ్బంది కాదు. ఇది ఎవరు కొంటారు, ఇప్పుడేం వాడుతున్నారు, పేటెంట్ ఎవరి చేతిలో ఉంది, డబ్బయిపోయేలోపు ఏం చూపిస్తావు అన్న దగ్గర పెన్ను ఆగుతుంది.

చేరే ముందు

ఈ చదువుకి రెండో వైపు కూడా ఉంది. రెండేళ్లలో వ్యాపారానికి చోటివ్వాలంటే ల్యాబ్ గంటలు ఎక్కడో తగ్గాలి. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాడు ఆ మాట ముందే ఆలోచించుకోవాలి. అక్కడ చూసేది ఎంత పరిశోధన చేశావన్నదే. మన కంపెనీల హెచ్‌ఆర్ ఫారాల్లోనేమో ఆర్ అండ్ డీకి ఒక గడి, మార్కెటింగ్‌కి ఇంకో గడి. రెండింటి మధ్య మనిషికి గడి లేదు.

అమెరికా వెళ్లే మనవాళ్ల లెక్క ఇంకో రకం. కోర్సు పేరులో బిజినెస్ ఉన్నా అది స్టెమ్ జాబితాలో ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఉంటే చదువయ్యాక పనిచేయనిచ్చే ఏడాది ఓపీటీకి తోడు మరో 24 నెలలు కలుస్తాయని 2016 నుంచి ఉన్న నిబంధన. అప్పు చేసి పంపిన ఇంటికి ఆ రెండేళ్లు చిన్న విషయం కాదు, నేనూ కాదనను. కానీ దాన్నొక్కదాన్నే చూసి చేరిన కోర్సులో సైన్స్ పేరుకే ఉండి, నాలుగు డేటా సాఫ్ట్‌వేర్లు నేర్పి పంపేస్తే, నిబంధన మారిన రోజున చేతిలో మిగిలేది తక్కువ. సిలబస్ తెరిచి చూడండి. ల్యాబ్ ఉందా? పేటెంట్ చదవడం నేర్పుతారా? ప్రాజెక్టులో అసలు కంపెనీ ఉందా? ఖరీదు లెక్క వేసేది సొంత సైన్స్ మీదా, పాఠ్యపుస్తకంలోని పిజ్జా దుకాణం మీదా?

మన విశ్వవిద్యాలయాలు దీనికోసం కొత్త భవనం కట్టనక్కర్లేదు. ఒక సెమిస్టర్లో రెండు పేపర్లు, ఒక ప్రాజెక్టు చాలు. చెప్పేవాళ్లు ఎక్కడున్నారంటారా, జీడిమెట్లలో నిన్నమొన్న రిటైరైన ప్రొడక్షన్ హెడ్‌లున్నారు. వాళ్లలో చాలామందికి పీహెచ్‌డీ ఉండదు, నెట్ అర్హత ఉండదు. ఇన్నాళ్లూ తరగతి గదిలోకి రానివ్వకపోవడానికి ఆ కారణం సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరిట 2022లో యూజీసీ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం 15 ఏళ్ల అనుభవం ఉండి తన రంగంలో పేరున్నవారిని, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా, డిగ్రీల పట్టింపు లేకుండా తీసుకోవచ్చు. కెమిస్ట్రీ విభాగాధిపతి ఒక ఉత్తరం రాయాలి. ఆ ప్రొడక్షన్ హెడ్ మొదటి క్లాసులో బోర్డు మీద ఏం రాస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. రెండో క్లాసుకు మాత్రం పిల్లల్ని తమ ప్రాజెక్టులో వాడిన ప్రతి సాల్వెంట్‌కీ ఈ నెల ధర కనుక్కుని రమ్మంటాడు.