ఖారున్ ఒడ్డున చిన్న కాపలా: భాటాగావ్ మురుగుశుద్ధి కేంద్రం

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు తాగునీరిచ్చే నదీ, ఆ నగరపు మురుగును మోసే నదీ ఒక్కటే. అది ఖారున్. భాటాగావ్ వద్ద ఆనకట్ట ఎగువన నిలిచిన నీటిని తోడి, శుద్ధి చేసి నగరానికి పంపుతారు. అదే భాటాగావ్‌లో రోజుకు 60 లక్షల లీటర్ల సామర్థ్యంతో ఒక మురుగుశుద్ధి కేంద్రం ఉంది. నిమోరా (9 కోట్ల లీటర్లు), చందనీడీహ్ (7.5 కోట్లు), కారా (3.5 కోట్లు) కేంద్రాల ముందు ఇది పిల్లకాలువ వంటిదే. అయితే తాగునీరు తోడే చోటికి చేరువలో ఉన్నందున దీని ప్రాధాన్యాన్ని లీటర్లతో కొలవలేము.

మురుగు వల్ల నదికి కలిగే హాని రంగు, వాసనలతో ఆగదు. అందులోని మలినాలను సూక్ష్మజీవులు తినే క్రమంలో నీటిలో కరిగిన ప్రాణవాయువును పీల్చుకుంటాయి. అది తగ్గితే చేపలు బతకలేవు. ఈ ప్రాణవాయువు అవసరాన్నే బీఓడీ అంటారు. శుద్ధి చేయని ఇళ్ల మురుగులో ఇది సాధారణంగా లీటరుకు 200 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. స్నానయోగ్యమైన నదీజలంలో 3 మించరాదు.

నదిలో జరిగే ఆ పనినే ముందుగా తొట్టిలో జరిపించడం శుద్ధి కేంద్రం విధి. జల్లెడలు ప్లాస్టిక్, గుడ్డపీలికలను ఆపుతాయి. ఇసుక అడుగుకు దిగుతుంది. తరువాత యంత్రాలు తొట్టిలోకి గాలిని పంపుతాయి. బాక్టీరియా మలినాన్ని తిని వృద్ధి చెందుతుంది. గాలి ఆపి నీటిని కదలకుండా ఉంచితే అది బురదగా అడుగుకు చేరుతుంది, పైన తేటనీరు నిలుస్తుంది. ఆ నీటిలో రోగక్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. బురదలో కొంత భాగాన్ని పారవేయరు; మరునాటి మురుగుకు పనివారు అదే. కనుకనే విద్యుత్తు గంటల తరబడి నిలిచిపోతే యంత్రాలతో పాటు ఈ జీవరాశి కూడా దెబ్బతింటుంది.

వేసవిలో ఖారున్ సన్నబడుతుంది. అప్పుడు గంగ్రేల్ జలాశయం నుంచి కాలువ ద్వారా నీరు వదిలితేనే నగరం దాహం తీరుతుంది. నదిలో నీరు తక్కువైనకొద్దీ అదే మురుగు మరింత చిక్కగా పరిణమిస్తుంది. వానాకాలంలో చిక్కు వేరు: నాలాలు పొంగితే వరదనీటితో కలిసిన మురుగు కేంద్రానికి మళ్లకుండా నేరుగా నదిలో పడే ప్రమాదం ఉంటుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీభాగాల జాబితాలో ఖారున్ కూడా ఉంది. మరుసటి ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ శుద్ధి చేసిన నీటిలో బీఓడీ 10 మిల్లీగ్రాములు మించరాదని ఆదేశించింది. తొట్టెలు కట్టడం ఇందులో సులువైన భాగమే. ప్రతి నాలాను, ప్రతి వీధి మురుగును కేంద్రం దాకా చేర్చడమే కష్టం. తన వద్దకు రాని మురుగును ఏ కేంద్రమూ శుద్ధి చేయలేదు.

రాయ్‌పూర్ దాటిన ఖారున్ శివనాథ్‌లోనూ, శివనాథ్ మహానదిలోనూ కలుస్తాయి. ఇక్కడ తొట్టిలో ఆగని మలినం దిగువ గ్రామాల రేవులకు చేరుతుంది.