తల వంచితేగానీ దక్కని గుక్క!

హాలెండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ‘సిల్‌సిలా’ (1981) సినిమా. అమితాబ్, రేఖల చుట్టూ విరగబూసిన ట్యులిప్ తోటలు అక్కడివే మరి! కానీ అదే దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరానికెళ్ళి ఏ పాత పబ్బులోనో దూరారనుకోండి... ఇంకో ట్యులిప్ ఎదురవుతుంది. గాజుది! పువ్వు ఆకారపు చిట్టి గ్లాసు. అందులో పోసేది ‘యెనేవర్’.

జునిపర్ కాయలతో ఘాటెక్కించిన ధాన్యపు సారా ఇది. ఇంగ్లీషువాళ్ళ జిన్నుకి తాతగారన్నమాట. ‘పాతది’, ‘కుర్రది’ అని రెండు రకాలు. పాతదంటే ఏళ్ళ తరబడి నిలవ ఉంచిందనుకునేరు! పాత పద్ధతిలో, మాల్టు ఎక్కువ వేసి చేసిందని అర్థం.

తమాషా అంతా తాగడంలో ఉంది. గ్లాసు అంచు దాటి ఉబ్బేలా పోస్తారు. చేత్తో ఎత్తారో, ఒలికిపోయినట్టే! అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని, బల్ల మీదికి వంగి, మొదటి గుక్క మూతితోనే జుర్రాలి. ఎంతటి కోటీశ్వరుడైనా తల వంచాల్సిందే. డామ్ స్క్వేర్ దగ్గరి సందులో, 1679 నాటి వైనాండ్ ఫాకింక్ దుకాణంలో ఈ వంగుళ్ళు చూసి తీరాలి. పక్కన బీరు కూడా పెట్టుకుంటే ఆ జంటని ‘కోప్‌స్టోట్’ అంటారు. అంటే, తలతో ఢీ! మన ఫైట్ మాస్టరెవరో పెట్టిన పేరులా లేదూ? అన్నట్టు, 2014 నుంచి అక్కడ 18 ఏళ్ళు నిండనివాళ్ళకి చుక్క కూడా అమ్మరు.

బీరంటే జ్ఞాపకమొచ్చింది. ఈ ఊళ్ళోనే 1864లో మొదలైన హైనెకెన్ కంపెనీ అధిపతి ఫ్రెడ్డీ హైనెకెన్‌ని 1983లో దుండగులు ఎత్తుకుపోయారు. మూడు వారాలు బంధించి, మూడున్నర కోట్ల గిల్డర్లు గుంజారు. అచ్చం సినిమా కథ! సినిమాలూ వచ్చాయి. 2011లో రట్గర్ హావర్, 2015లో ఆంథొనీ హాప్కిన్స్ ఆ పాత్ర వేశారు.

సరే, పబ్బులోకి వద్దాం. ఈ పాత పబ్బుల్ని ‘బ్రౌన్ కెఫే’లంటారు. ముదురు చెక్క, తరతరాల పొగాకు పొగ కలిసి ఇచ్చిన రంగది. 2008లో లోపల సిగరెట్లు బందయ్యాయి గానీ, రంగు వదల్లేదు. చాలాచోట్ల తివాచీలు పరిచేది బల్లల మీద... నేలమీద కాదండోయ్!

వీటి ప్రాణం తెలియాలంటే యోర్దాన్ పేటకి వెళ్ళాలి. ఒకప్పుడు కూలీనాలీ జనం ఇరుకు గదుల్లో సర్దుకున్న పేట అది. ఇంట్లో కాళ్ళు చాపుకునే చోటు లేనివాళ్ళకి సందుచివరి పబ్బే ముందుగది. కబుర్లు, గొడవలు, ఏడుపులు, పాటలు... అన్నీ అక్కడే. అలాంటి పబ్బుల్లో బీర్లందిస్తూ పాడిన సర్వరు కుర్రాడు జానీ యోర్దాన్, 1955లో పాటల పోటీ నెగ్గి దేశమంతా మోగిపోయాడు! 1989లో పోయాడు. ఎలాండ్స్‌గ్రాఖ్ట్ వీధి దగ్గర విగ్రహం పెట్టారు.

విగ్రహం ఉంది గానీ, ఆయన ఎవరి గురించి పాడాడో ఆ జనమే పేటలో పల్చబడ్డారు. 1960ల తర్వాత బోలెడుమంది ఊరవతలి కొత్త పట్టణాలకి తరలిపోయారు. ఆ ఇరుకిళ్ళకే ఇప్పుడు కళ్ళు తిరిగే ధర! అయినా ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలువ ఒడ్డున, ‘రెండు బుల్లి హంసలు’ అని అర్థం వచ్చే పేరున్న పబ్బుకి ఆ పాటలే ప్రసిద్ధి. పక్కనున్నది టూరిస్టో, పేట వదిలిపోయి పాట కోసం రైలెక్కి వచ్చిన ముసలాయనో... పల్లవి వచ్చేసరికి గొంతులన్నీ కలిసిపోతాయి.