తొమ్మిది కిలోమీటర్ల చీర

పోచంపల్లికి వచ్చే విదేశీ యాత్రికులు మగ్గం ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. అంతకన్నా వింతైన పరికరం ఇంకొకటి అక్కడి నేత ఇళ్లలో ఉంది. దాని పేరు ఆసు. ఒక కొసన ఒంటి మేకు, దానికెదురుగా అర్ధవృత్తంలో మేకుల వరస. చూడటానికి తెరిచిన విసనకర్రలా ఉంటుంది. నూలు పట్టుకున్న చేయి ఒంటి మేకు నుంచి వరసలోని మేకుకూ, మళ్లీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది.

ఎందుకీ తిరుగుడు? పోచంపల్లిలో నేసే ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దాలి. మగ్గం మీద పేక దారం ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి వెనక్కి వస్తుంది. పువ్వు అనుకున్న చోటే పడాలంటే అద్దకం నాడే దారం అదే కొలతలో మడతలు పడి ఉండాలి. అర్ధవృత్తం పని అదే: ఒంటి మేకు నుంచి ఏ మేకుకైనా దూరం ఒక్కటే, చీర పన్నాకు తగినంత. ఒక్కో మేకుకు లెక్క ప్రకారం చుట్లు వేస్తే ఒకేలా రంగు పడాల్సిన పోగులు ఒక కట్టగా వస్తాయి. వాటి మీద డిజైను గీసి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి ముంచుతారు. చుట్టులో వెంట్రుకవాసి తేడా వచ్చినా వరసవరసకూ పెరిగి పువ్వు పక్కకు జరిగిపోతుంది. జపాన్ కసూరి, బాలి దీవిలోని తెంగనాన్ గ్రామపు గెరింగ్‌సింగ్, గుజరాత్ పటోలా నేతగాళ్లకూ ఈ చిక్కు తప్పదు.

ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు తిరగాలి. ఒక్కో విసురు దాదాపు మీటరు, అంటే మొత్తం 9 కిలోమీటర్లు! నాలుగైదు గంటల ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్లదే.

ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపారు. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మికి భుజాలు పడిపోతుంటే చూడలేక యంత్రం తయారీకి పూనుకున్నారు. చేతి పనిని మూడు కదలికలుగా విడదీయాలి: ముందుకూ వెనక్కూ పోవడం, మేకు చుట్టూ తిరగడం, చుట్లు పూర్తయ్యాక పక్క మేకుకు జరగడం. ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో సాధించారు. దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. చీర ఆసు గంటన్నరకు దిగింది. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది.

డిజైను గీయడం, కట్లు కట్టడం, నేయడం మాత్రం యంత్రం ముట్టుకోలేదు. ఒళ్లు హూనం చేసే పనిని తాను తీసుకుని, నేర్పుతో చేసే పనిని మనిషికే వదిలేసింది. అందుకే ఆ యంత్రం వచ్చినా పోచంపల్లి చీర చేనేత చీరే.