రోడ్డు ప్రమాదం తలరాత కాదు

"రాసిపెట్టి ఉంది సిస్టర్, మనమేం చేస్తాం?" ప్రమాదంలో దెబ్బలు తిన్నవారిని క్యాజువాలిటీకి తెచ్చిన బంధువుల నోట మేము తరచుగా వినే మాట ఇది. బాధలో ఉన్న మనిషితో వాదించలేము. కాని ఆరోగ్యంగా ఉండి ఈ పేజీ చదువుతున్న మీకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. రోడ్డు మీద తగిలే గాయానికి కూడా మలేరియాకు, కలరాకు ఉన్నట్టే కారణం ఉంటుంది, వ్యాపించే దారి ఉంటుంది, నివారణ ఉంటుంది. ఎనభై ఏళ్ళకు పైగా వైద్యులు, ఇంజనీర్లు చేసిన పరిశోధనలు ఇదే చెబుతున్నాయి.

ఎంత పెద్ద సమస్య?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ళ లోపు వారి మరణాలకు మొదటి కారణం ఇదే. మన దేశంలో 2022లో 4,61,312 ప్రమాదాలు నమోదయ్యాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. అంటే రోజుకు సగటున 460 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారే.

ఇవి పోలీసు లెక్కలు మాత్రమే. హైదరాబాదులో రాఖీ దండోనా, ఆమె సహచరులు ఇంటింటికీ వెళ్ళి, ఆస్పత్రుల్లోనూ విచారించి చేసిన పరిశోధన 2008లో ప్రచురితమైంది. గాయపడినవారిలో ఎక్కువ మంది సంగతి పోలీసు రికార్డులకు ఎక్కడమే లేదని అందులో తేలింది. చనిపోయినవారి లెక్క పత్రికల్లో వస్తుంది. తలకు దెబ్బ తగిలి బతికి, ముక్కులో గొట్టంతో, వీపున పుండ్లతో నెలల తరబడి మంచం పట్టినవారి సంగతి ఇంటివారికీ, నర్సులకూ తెలుసు. సంపాదించే మనిషి మంచం పడితే, చూసుకోవడానికి ఇంకొకరు పని మానుకోవాలి. పిల్లల చదువు ఆగిపోతుంది. ఒక్క దెబ్బ ఇల్లంతటికీ తగులుతుంది.

జబ్బును చూసినట్టే ప్రమాదాన్ని చూడాలి

విలియం హాడన్ అమెరికాకు చెందిన వైద్యుడు. 1966లో అక్కడి ప్రభుత్వం రోడ్డు భద్రత కోసం ఏర్పాటు చేసిన సంస్థకు మొదటి అధిపతి ఆయనే. మలేరియాలో శరీరానికి హాని చేసేది పరాన్నజీవి అయితే, రోడ్డు గాయంలో హాని చేసేది వేగం వల్ల వచ్చే శక్తి అని ఆయన చెప్పాడు. ఆ శక్తి శరీరం తట్టుకోగల హద్దు దాటినప్పుడే ఎముక విరుగుతుంది, మెదడు చితుకుతుంది. కాబట్టి ఆ శక్తిని తగ్గించినా, శరీరానికి చేరకుండా మధ్యలో అడ్డుకున్నా గాయం తప్పుతుంది.

ప్రమాదాన్ని మూడు దశలుగా చూడాలన్నాడు: జరగక ముందు, జరిగేటప్పుడు, జరిగిన తరువాత. ఒక్కో దశలోనూ మనిషి, వాహనం, రోడ్డు అనే మూడింటినీ పరిశీలించాలన్నాడు. మొత్తం తొమ్మిది గడులు. ఈ పట్టికను ఆయన 1970 ప్రాంతంలో రూపొందించాడు. నేటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు.

మనకు తెలిసిన ఒక సంగతినే తీసుకుందాం. కోతల కాలం. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోశారు. రాత్రికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టారు. ఒక యువకుడు రెండు పెగ్గులు వేసుకుని, హెల్మెట్ లేకుండా, ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్ళు చెదిరి రాళ్ళను ఢీకొన్నాడు. "తాగి నడిపాడు, పడ్డాడు" అని ఊరు తేల్చేస్తుంది. హాడన్ పట్టిక అలా తేల్చదు. ముందు దశలో తాగుడు, వేగం ఉన్నాయి. బండి హెడ్‌లైటు మసకగా ఉంది. రోడ్డు మీద కుప్ప ఉంది, దానికి మెరిసే గుర్తు ఏదీ లేదు. జరిగేటప్పుడు తల మీద హెల్మెట్ లేదు, పడిన చోట రాళ్ళున్నాయి. తరువాత దశలో ఎవరూ ఆగలేదు, అరగంట దాకా ఎవరూ 108కి ఫోన్ చేయలేదు. వీటిలో ఏ రెండు మూడు సరిగా ఉన్నా ఆ పిల్లవాడు బతికి ఉండేవాడేమో. ఎవరిది తప్పు అన్న ప్రశ్న పోలీసులకు కావాలి. ఎక్కడ ఆపగలిగేవాళ్ళం అన్న ప్రశ్న మనందరికీ కావాలి.

వేగం గురించి

వేగం రెండింతలైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం, సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడడంతో సమానం. మేడ అంచున నిలబడితే కాళ్ళు వణుకుతాయి. బండి మీద అదే ప్రమాదం ఉన్నా భయం వేయదు. చిక్కంతా అక్కడే ఉంది.

మరొక లెక్క చూడండి. ఎదురుగా పిల్లవాడు అడ్డం వచ్చాడని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి సుమారు ఒక సెకను పడుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క సెకనులో బండి 11 మీటర్లు పోతుంది. 60లో అయితే దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు పని మొదలు పెట్టేది ఆ తరువాతనే.

సగటు వేగం నూటికి ఒక వంతు పెరిగితే, ప్రాణాంతక ప్రమాదాలు నూటికి నాలుగు వంతులు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కారు 50కి బదులు 65 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే, నడిచి వెళ్ళే మనిషి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. పది నిమిషాలు ముందు చేరడానికి ఇంత వెల అవసరమా అని ఆలోచించండి.

హెల్మెట్ కథ

1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే పేరు మోసిన సైనికాధికారి మోటారు సైకిలు మీద నుంచి పడి, ఆరు రోజుల తరువాత చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే నరాల శస్త్రచికిత్స నిపుణుడు ఒకరు. ఆ మరణం కెయిర్న్స్‌ను వదిలిపెట్టలేదు. 1941లో ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటారు సైకిలు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు చనిపోయారనీ, ఎక్కువ మరణాలకు కారణం తల దెబ్బలేననీ చూపించాడు. హెల్మెట్ పెట్టుకుని గాయపడినవారు ఆయనకు ఏడుగురే దొరికారు. ఆ ఏడుగురూ బతికారు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. సాధారణ ప్రజలకు చట్టం రావడానికి మాత్రం 1973 దాకా పట్టింది.

హెల్మెట్ ఎలా పని చేస్తుంది? పై డిప్ప దెబ్బను వెడల్పుగా పరుస్తుంది. లోపలి థర్మోకోల్ వంటి పొర నలిగి, దెబ్బ శక్తిని తాను తీసుకుంటుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే కనబడినా, మళ్ళీ వాడకూడదు. లోపలి పొర అప్పటికే నలిగిపోయి ఉంటుంది. ఆ పొరే లేని డిప్పలు రోడ్డు పక్కన చవగ్గా దొరుకుతాయి. అవి పోలీసులకు చూపడానికే తప్ప తలకు పనికిరావు. మన దేశంలో 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్లు అమ్మడం చట్టవిరుద్ధం.

2008లో 61 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. హెల్మెట్ వల్ల మరణం ముప్పు నూటికి 42 వంతులు, తల గాయం ముప్పు నూటికి 69 వంతులు తగ్గుతుందని తేలింది. హెల్మెట్ వల్ల మెడకు హాని జరుగుతుందన్న భయానికి తగిన ఆధారం ఆ అధ్యయనాల్లో కనబడలేదు. మన దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. అందరినీ హెల్మెట్ కాపాడేది అనలేము. కాని ఎన్నో వేల మంది ఈరోజు ఇంట్లో ఉండేవారు.

మేము విచారించినప్పుడు వినే జవాబులు ఇవి: ఎండకు ఉక్కపోత, జుట్టు రాలుతుంది, పక్క ఊరికే కదా, హెల్మెట్ బండికే తగిలించి ఉంది. తెలిసిన రోడ్డయినా నేల గట్టిదనం ఒకటే. తల మీద ఉన్నా, గడ్డం కింద పట్టీ బిగించకపోతే మొదటి దెబ్బకే హెల్మెట్ ఎగిరిపోతుంది.

స్త్రీలు, పిల్లలు

వెనుక ఒక పక్కకు కూర్చునే స్త్రీలకు పట్టు తక్కువ. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే వెనక్కి లాగి పడేస్తుంది. మెడకు చుట్టుకున్న చున్నీ అయితే గొంతుకే ప్రమాదం. వెనుక చక్రం కనీసం సగం కప్పేలా రక్షణ కవచం, పట్టుకోవడానికి పిడి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అందం కోసం వాటిని తీసివేయకండి. కొంగు నడుముకు దోపుకుని కూర్చోండి.

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు తగిన హెల్మెట్, పెద్దవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలనీ, అప్పుడు వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నిబంధన వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం ముద్దుగానే ఉంటుంది. బండి ఆగిపోతే ముందుగా ఎగిరి పడేది ఆ పిల్లవాడే.

ప్రమాదం జరిగిన తరువాత

ఈ దశలో కాలమే మందు. దీనికీ పరిశోధన ఆధారం ఉంది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ ఆసిడ్ అనే చవక మందును మన దేశంతో సహా 40 దేశాల్లోని 274 ఆస్పత్రుల్లో, గాయపడిన 20,211 మంది మీద పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఆ మందు ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. మరుసటి ఏడు అదే సమాచారాన్ని మళ్ళీ పరిశీలించారు. దెబ్బ తగిలిన గంటలోపు ఇస్తే రక్తస్రావం వల్ల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు జరిగింది. మందు ఒకటే, మనిషి ఒకటే. తేడా అంతా ఎంత త్వరగా తెచ్చారన్నదే.

108 సేవ 2005 ఆగస్టు 15న మన తెలుగు నేల మీదనే మొదలైంది. దానికి ఫోన్ చేయడానికి చాలామంది పోలీసు కేసు భయంతో వెనుకాడుతారు. ఈ భయం ఇక అక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ సాయం చేసినవారికి రక్షణ కల్పించాయి. మీరు పేరు కూడా చెప్పనక్కరలేదు. ఆస్పత్రి మిమ్మల్ని డబ్బు కట్టమనకూడదు, ఆపి ఉంచకూడదు. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది.

మరొక ముఖ్యమైన సంగతి. కొందరు పడిన వెంటనే స్పృహ తప్పి, మళ్ళీ లేచి మామూలుగా మాట్లాడతారు, టీ తాగుతారు, ఇంటికి వెళ్ళి పడుకుంటారు. పుర్రె లోపల రక్తం నెమ్మదిగా గూడు కట్టి మెదడును నొక్కుతూ ఉంటే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. ఒక్క నిమిషం స్పృహ తప్పినా ఆస్పత్రిలో చూపించాలి. పదే పదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మూర్ఛ, ఒక కంటి పాప పెద్దదవడం, చెవి లేక ముక్కు నుంచి రక్తం గాని నీరు గాని కారడం, ఒక వైపు కాలు చేయి బలహీనపడడం కనబడితే ఒక్క క్షణం ఆలస్యం చేయకండి.

గుర్తుంచుకోండి

1. బండి తీసే ముందే హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి. వెనుక కూర్చున్నవారికీ అంతే.
2. కారులో ముందు, వెనుక అందరూ సీటు బెల్టు పెట్టుకోండి.
3. మద్యం తాగితే తాళం చెవి ఇంకొకరికి ఇవ్వండి.
4. ధాన్యం కుప్పలు రోడ్డు మీద ఉంచకండి. రాత్రి ఆగిన ట్రాక్టరు, ఎడ్ల బండి వెనుక మెరిసే స్టిక్కర్లు అంటించండి.
5. ప్రమాదం చూస్తే ముందు వచ్చే వాహనాలను ఆపి, 108కి ఫోన్ చేయండి.
6. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పసుపు, కాఫీ పొడి వేయకండి.
7. పడిన మనిషిని చేతులు కాళ్ళు పట్టుకుని లేపకండి. మంటల వంటి ప్రమాదం లేకపోతే కదపకుండా ఉంచండి. కదపక తప్పకపోతే తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పట్టండి.
8. నీళ్ళు, సోడా తాగించకండి. స్పృహ లేనివారికి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆపరేషను అవసరమైనా ఇబ్బంది అవుతుంది.

మా వార్డుల్లో పడకలు ఖాళీగా ఉంటే మేము సంతోషిస్తాము. ఈ పేజీ మీ ఇంట్లో బండి నడిపే వయసు పిల్లలకు చదివి వినిపించండి. ఈ రాత్రే హెల్మెట్ పట్టీ బిగుసుకుంటుందో లేదో, బండి వెనుక ఎర్ర లైటు వెలుగుతుందో లేదో చూడండి. పట్టీ తెగి ఉంటే రేపు ఉదయం బండి బయటికి తీయకముందే కొత్త హెల్మెట్ కొనండి.