పడని తిండి – హోటలు భోజనం

'నాకు వంకాయ పడదు' అని మనం తరచు అంటుంటాం. ఆ 'పడదు' అన్న మాటలో కడుపుబ్బరం మొదలుకొని ప్రాణాపాయం వరకు అన్నీ ఇమిడిపోతాయి. హోటలులో చిక్కు అక్కడే వస్తుంది. వడ్డించేవారు దానిని అయిష్టంగా భావించి, పైనున్న పల్లీలను ఏరివేసి అదే పళ్ళెం తెచ్చిపెడతారు.

శరీర రక్షణ వ్యవస్థ హాని లేని ఆహారపు మాంసకృత్తులను శత్రువుగా భ్రమించి పోరాడడమే ఆహారపు అలర్జీ. అందుకు రవ్వంత చాలు.

వేరుశనగనే తీసుకొందాం. తెలంగాణలో పల్లీ, రాయలసీమలో బుడ్డలు – పేరేదైనా మన వంటలలో దానికి దాగుడుమూతలు అలవాటు. పులిహోరలో కంటికి కనబడుతుంది. ఇడ్లీ పక్కన పచ్చడిలో కొబ్బరి వలె నటిస్తుంది. గుత్తివంకాయ కూరలో ముద్దగా కలిసిపోతుంది. బాగా శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు కాని గానుగ నూనెలో మిగిలి ఉండవచ్చు. పచ్చడి గరిటె మరొక గిన్నెలో మునిగినా అపాయమే.

కనుక వడ్డించేవారిని కాక వండేవారిని అడగాలి. 'పల్లీలు వద్దు' అనడం కంటె 'పల్లీ తగిలితే నాకు ఊపిరాడదు' అనడం మేలు. ఇందులో సిగ్గుపడనక్కరలేదు. జవాబు తడబడితే ఆ వంటకాన్ని మానుకోవాలి. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పది లేదా అంతకు మించిన చోట్ల శాఖలున్న హోటళ్ళు అలర్జీ కారకాలను తెలపాలి. వీధిచివరి టిఫిను బండికి ఆ నిబంధన వర్తించదు.

పెదవులు వాచి, దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుంటే ఆలస్యం కూడదు. వైద్యుడు ముందుగా సూచించి ఇచ్చిన ఎడ్రినలిన్ సూదిమందును తొడ కండరానికి వెంటనే వేసి, 108కి ఫోను చేయాలి. సెట్రిజిన్ మాత్ర దురదను తగ్గిస్తుందే కాని ఊపిరిని నిలపదు. తేరుకున్నట్లు కనిపించినా ఆస్పత్రికి వెళ్ళవలసిందే. కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.