రైతు సెల్లుకు పంపే కబురు ఎలా ఉండాలి?

తుళ్లూరు: పత్తి చేలో, మిర్చి తోటలో పని చేసుకునే రైతు సెల్‌ఫోను చేతిలో పట్టుకు తిరగడు. అది జేబులోనో, గట్టు మీది సంచిలోనో ఉంటుంది. మోగితే మట్టి చేయి తుడుచుకుని తీసి, ఎండలో అర నిమిషం చూసి మళ్లీ పెట్టేస్తాడు. ఆ అర నిమిషంలో సంగతి తెలియకపోతే ఆ కబురు పంపినా పంపనట్లే.

2013 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఎమ్‌కిసాన్‌ను ప్రారంభించి, ఎస్‌ఎమ్‌ఎస్‌ల ద్వారా రైతులకు సలహాలు పంపే ఏర్పాటు చేసింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లో మన మిత్ర సేవలు మొదలుపెట్టింది. పురుగుమందుల షాపుల వారు కూడా గ్రూపులు పెడుతున్నారు. పంపటం సులువైంది గాని రాయటం ఇంకా పట్టుబడలేదు. "రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా" అంటూ సర్క్యులరు ధోరణిలో మొదలవుతుంది. అసలు విషయం మూడో వాక్యంలో గాని రాదు.

ఎస్‌ఎమ్‌ఎస్‌కు ఒక కొలత ఉంది. ఇంగ్లీషులో అయితే ఒకదానిలో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుడి, కొమ్ము, సున్న, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "మిర్చి" మనకు రెండక్షరాలైతే సెల్లుకు ఆరు! కొలత దాటితే కబురు ముక్కలవుతుంది, ముక్కకింత చొప్పున పంపేవారికి ఖర్చు. దానికి జడిసి కొందరు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నారు. ఊళ్లో పెద్దవారికి అది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు.

అసలు ప్రమాదం మందు మోతాదు దగ్గర ఉంది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బతీసినప్పుడు ఎవరు ఏ మందు చెప్పినా కొట్టిన వారున్నారు. మామూలు తామర పురుగుకు చెప్పే స్పైనోసాడ్‌నే తీసుకుందాం. లీటరు నీటికి 0.3 మి.లీ. అని రాస్తారు. ఎండలో ఆ చుక్క కనబడకపోతే మోతాదు పది రెట్లవుతుంది. దాన్నే ఇలా రాయవచ్చు: "మిర్చి తామర పురుగు: 10 లీటర్ల ట్యాంకుకు స్పైనోసాడ్ 3 మి.లీ. సాయంత్రం." చుక్కతో పేచీ లేదు. ట్యాంకు లెక్క రైతుకు అలవాటైనదే. ఖాళీలు, గుర్తులు కలుపుకున్నా 70 దాటలేదు.

వాన, పిడుగు హెచ్చరికల్లో "రేపు" అని రాయకూడదు. వాట్సాప్‌లో ఆ కబురు చేతులు మారి నాలుగు రోజులు తిరుగుతుంది, ఏ రోజుకు ఆ రోజు "రేపే". తేదీ, మండలం పేరు వేయాలి. కరపత్రాన్ని ఫొటో తీసి పంపటం మరీ అన్యాయం, ఆ చీమతలకాయంత అక్షరాలు కుర్రవాళ్లకే ఆనవు. చదవలేని వారికి మాట రికార్డు చేసి పంపటం మేలు.

అనుమానం వస్తే అడగటానికి 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551 ఉంది. కబురు చివర దాన్ని చేర్చవచ్చు. గీతలు లేకుండా వేస్తే 11 అంకెలే.