పొగగొట్టమును, పీల్చెడు గాలియు

ఉదయమున బిడ్డలను బడికి పంపునప్పుడు వారి పుస్తకములను, భోజనపు గిన్నెను సరిచూచి పంపుచున్నాము. వారు పీల్చెడు గాలిని సరిచూచుట మన చేతిలో లేదని తలచుచున్నాము. చెన్నపురికి ఉత్తరమున మణలి, ఎన్నూరు ప్రాంతములలో నూనెశుద్ధి కర్మాగారము, ఎరువుల కర్మాగారములు, విద్యుత్కేంద్రములు కలవు. అచ్చటి తల్లి యొకతె, "కర్మాగారపు పొగ హద్దులోనే యున్నదందురు, మరి మా వీధిలో గాలి యేల బాగుండదు?" అని యడిగినచో, అది న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానము తెలియవలెనన్న రెండు కొలతల భేదము నెఱుగవలెను.

మొదటిది పొగగొట్టపు కొలత. 19వ శతాబ్ది చివర రింగెల్మన్ అను ఫ్రెంచి ఆచార్యుడు తెలుపు మొదలు నలుపు వఱకు ఛాయలు గల పటమును కల్పించెను. దానితో పొగ నలుపును పోల్చి చూచెడివారు. కాని గంధకపు పొగవాయువు కంటికి కానరాదు. కావున నేడు గొట్టమునకు రంధ్రము చేసి, లోపలి పొగ యెంత వేగముతో పోవునో అంతే వేగముతో కొంత బయటికి లాగుదురు. వేగము తప్పిన లెక్కయు తప్పును. ఆ పొగను వడపోతగుండా పంపి, వడపోతను ముందును వెనుకను తూచి, ధూళి యెంతయో కనుగొందురు. మిక్కిలి కాలుష్యము కలిగించు 17 తరగతుల పరిశ్రమలు ఎడతెగక కొలుచు యంత్రములను అమర్చుకొనవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించినది.

రెండవది బయటి గాలి కొలత. 2009 ప్రమాణముల ప్రకారము 10 మైక్రానులకు మించని ధూళి, 24 గంటల సగటున, ఘనమీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటరాదు. 2.5 మైక్రానులకు మించని సన్నని ధూళికి హద్దు 60. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ సన్నని ధూళియే ఊపిరితిత్తుల లోతునకు చేరునది.

మొదటి కొలత ఒక గొట్టమునుండి ఏమి వెలువడినదో చెప్పును. రెండవది మన ముక్కునకు ఏమి చేరినదో చెప్పును. పది గొట్టములు వేర్వేరుగా హద్దులోనున్నను, వాని పొగయంతయు ఒకే గాలిలో కలియును. వాహనముల పొగయు, చెత్త మంటయు దానికి తోడగును. ఎత్తైన గొట్టము పొగను దూరమునకు పంపునే గాని మాయము చేయదు. గాలి కదలని చలికాలపు ఉదయమున అది నేలపైననే నిలుచును. 1952 డిసెంబరులో లండను నగరమున చలికి ప్రజలు బొగ్గు హెచ్చుగా కాల్చిరి, గాలి స్తంభించెను, ఐదు దినముల ఆ పొగమంచు వలన సుమారు 4,000 మంది మరణించిరని నాటి లెక్క. మన భోగిమంటలును ఇట్టివే. పాత చాపలతో పాటు టైర్లు, ప్లాస్టిక్కు కాల్చిన ఉదయమున ఏ కర్మాగారపు లెక్కయు పెరుగకయే వీధిగాలి చెడును.

గాలి నాణ్యతా సూచికను చదువుట కష్టము కాదు. 50 వఱకు మంచిది, 100 వఱకు తృప్తికరము, 200 వఱకు మధ్యమము, అటుపై చెడ్డది, 300 దాటిన మిక్కిలి చెడ్డది, 400 దాటిన తీవ్రము. ఇది సగటు కాదు. కొలిచిన వానిలో అన్నిటికంటె చెడ్డదాని అంకెయే సూచిక యగును. కేంద్ర మండలి వారి 'సమీర్' అను ఫోను సాధనమున దీనిని చూడవచ్చును.

సూచిక 200 దాటిన దినమున పరుగుపందెములను, ఆరుబయటి కసరత్తును మానిపింపుడని ఉపాధ్యాయులను కోరుట మంచిది. ఉబ్బసము గల బిడ్డల విషయమున 100 దాటినప్పుడే జాగ్రత్త వహింపవలెను. వాసనయో పొగయో హెచ్చినచో తేదీని, వేళను, గాలి వచ్చు దిక్కును వ్రాసియుంచి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి తెలుపుడు. "పొగగొట్టపు లెక్క యెంత? మా వీధి గాలి లెక్క యెంత?" అని రెండును అడుగుడు. ఒకటి చూపి రెండవదానిని మఱపించుటకు తావీయరాదు. బిడ్డ పీల్చునది రెండవ లెక్కలోని గాలినే కదా!